రికార్డు ఒక వైపు తిరిగేంతసేపు

ఆ రెస్టారెంటు తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టిన మొదటి సాయంత్రం, దాని యజమాని మాకు ఎదురొచ్చి, చూపుడువేలు పెదవులకు ఆనించి, కళ్లతోనే ఒక మూలనున్న బల్ల చూపించి, మళ్లీ వెళ్లి గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఫోర్కులు పళ్లేల మీద ఆగిపోయి ఉన్నాయి. ఎత్తైన అలమారు మీది స్పీకర్లలోంచి ఒక స్త్రీ కంఠం సన్నగా మొదలై, మెట్టుమెట్టుగా పైకెక్కి, అక్కడ కాసేపు నిలిచి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. అప్పుడు ఆయన మా దగ్గరకు వచ్చి, "క్షమించండి, ఆవిడ పాడుతుండగా మధ్యలో మాట్లాడలేను. ఇప్పుడు చెప్పండి, ఆకలిగా ఉన్నారా?" అని అడిగారు. అక్క నా వైపు చూసింది. ఆ చూపుతోనే మేమిద్దరం అక్కడికి మళ్లీ వస్తామని నాకు అర్థమైంది.

అప్పటికి అక్కా నేనూ ఉద్యోగాల్లో చేరి ఎంతో కాలం కాలేదు. ఒకే ఇంట్లో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మా వీధి మలుపులోనే ఉన్న ఆ ఇటాలియన్ రెస్టారెంటు ముందు నుంచి రోజూ నడిచివెళ్తూ కూడా, దాని కిటికీల తెరలు ఎప్పుడూ సగం మూసి ఉండటం చూసి, అది మనలాంటివాళ్లకు కాదులే అనుకుని కొన్ని నెలలు దాటవేశాం. వెళ్లాక ఆరేళ్లపాటు వారానికి ఒకసారైనా వెళ్లకుండా ఉండలేదు.

అది చిన్న గది. తొమ్మిది బల్లలు మాత్రమే ఉండేవి. బల్లగుడ్డను కాస్త పైకెత్తి చూస్తే దాని కింద మందపాటి ఫెల్ట్ గుడ్డ పరిచి ఉండేది. పళ్లెం పెట్టినా, గ్లాసు దించినా చప్పుడు రాకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. రికార్డు ప్లేయరు నేల మీద నిలబెట్టిన బల్ల మీద కాకుండా గోడకు బిగించిన చెక్క మీద ఉండేది, ఎందుకంటే వడ్డించేవాళ్ల అడుగుల అదురు నేల గుండా పాకి సూదిని ఎగరగొడుతుందని ఆయన అనుభవం మీద తెలుసుకున్నారు. స్పీకర్లు పైకెత్తి, కొద్దిగా కిందికి వంచి పెట్టారు. శబ్దం ఎంత ఉండాలన్న విషయంలో ఆయనకు ఒక కొలత ఉండేది: ఎదుటి కుర్చీలోని మనిషి గొంతు పెంచకుండా మాట్లాడితే వినపడాలి, పక్క బల్ల వాళ్ల మాటలు మాత్రం సంగీతంలో కలిసిపోవాలి. నేను ఆ తర్వాత ఎన్నో చోట్ల తిన్నాను. ఇంత సులువైన మాట ఎవరికీ ఎందుకు తట్టదో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎక్కువచోట్ల పాట అనేది గోడకు వేసిన రంగులాంటిది, ఎవరూ దాని వైపు చూడరు. అక్కడ మాత్రం భోజనం నడిచేదే పాటను బట్టి. ఏ వంటకం ఎప్పుడు బయటికి రావాలి, ఎప్పుడు పళ్లేలు తీయాలి, దీపాలు ఎప్పుడు తగ్గించాలి అన్నవన్నీ ఆ తిరిగే నల్లటి పళ్లెమే నిర్ణయించేది.

ఆయనది సిసిలీలోని కతానియా. ఆయన భార్యది లొంబార్దీ, మిలాన్‌కు దగ్గర. ఆయన గదిలో, ఆవిడ వంటింట్లో ఉండేవారు. మేము ఆయనను అందరిలాగే మాయెస్త్రో అనీ, ఆవిడను సిన్యోరా అనీ పిలిచేవాళ్లం. డబ్బు కట్టే బల్ల పక్కన గోడకు రెండు పాత లీరా నోట్లు అద్దాల మధ్య బిగించి ఉండేవి. ఒకటి వెర్డి బొమ్మ ఉన్న 1000 లీరాల నోటు, రెండవది బెల్లీని బొమ్మ ఉన్న 5000 లీరాల నోటు. బెల్లీని నోటున్న చట్రాన్ని ఆయన కీళ్ల మీద బిగించారు, తలుపులా తిప్పితే వెనకవైపు కూడా కనబడుతుంది. అక్కడ నార్మా అనే ఒపేరాలోని, అంటే పాటలతోనే నడిచే నాటకంలోని దృశ్యం ముద్రించి ఉంటుంది. ఒక దేశం తన డబ్బు మీద పాటలు కట్టినవాళ్ల ముఖాలు వేసుకుందన్న సంగతి చెప్పేటప్పుడు ఆయన కంఠం ప్రతిసారీ కొద్దిగా మారేది. 2002లో లీరా చెలామణీ నుంచి తప్పుకుని యూరో వచ్చింది. ఆ కొత్త నోట్ల మీద మనుషుల ముఖాలు లేవు, వంతెనలూ కిటికీలూ ఉన్నాయి. ఆ మార్పును గురించి ఆయన ఫిర్యాదు చేయలేదు గానీ, అద్దం మాత్రం రోజూ తుడిచేవారు.

బెల్లీని 1801లో కతానియాలోనే పుట్టాడు. ముప్పై నాలుగేళ్లు నిండకుండానే, 1835లో పోయాడు. ఆయన నార్మా 1831 డిసెంబరు 26న మిలాన్‌లోని లా స్కాలాలో మొదటిసారి ఆడినప్పుడు జనానికి అంతగా నచ్చలేదు. తర్వాత మాత్రం ప్రపంచమంతా ఆడింది. కతానియావాళ్లు తమ ఊరి పాస్తాకు ఆ ఒపేరా పేరే పెట్టుకున్నారు. పాస్తా అల్లా నార్మా అంటే, నూనెలో వేయించిన వంకాయ ముక్కలు, టమాటా, బేసిల్ ఆకులు, పైన ఉప్పు పట్టించి ఆరబెట్టిన రికోట్టా చీజ్ తురుము. మాయెస్త్రో ఆ పళ్లేన్ని వేరెవరి చేతా పంపేవారు కాదు, స్వయంగా తెచ్చేవారు. బల్ల మీద పెట్టాక రికోట్టాను మన కళ్లముందే తురిమేవారు. వేడి పాస్తా మీద ఆ తెల్లటి తురుము కరగకుండా, మంచు పట్టిన కొండలా అలాగే నిలబడి ఉండేది. అది ఎత్నా అగ్నిపర్వతమని, కింద ఎర్రగా ఉన్నది లావా అని ఆయన అన్నప్పుడు అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మేము వెళ్లిన మొదటి సాయంత్రం విన్న కంఠం కూడా నార్మాదే. నాయిక చంద్రుణ్ణి దేవతగా భావించి చేసే ప్రార్థన అది. ముందు వేణువు ఆ స్వరాన్ని పాడి చూపిస్తుంది, తర్వాత ఆమె అందుకుంటుంది. ఆయన దగ్గరున్న రికార్డులో, ఆ ప్రార్థన రెండవ చరణానికి వచ్చేసరికి ఒక గీత పడి ఉంది. సూది అక్కడికి రాగానే టక్కుమని చిన్న చప్పుడు చేసి, సగం ఊపిరి అంతసేపటి పాటను దాటి ముందుకు దూకేది. పాతగా వచ్చేవాళ్లందరికీ ఆ చోటు తెలుసు. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. కొందరు మంచి రికార్డు తెచ్చి ఇస్తామన్నారు, ఒకరు తెచ్చి ఇచ్చారు కూడా. ఆయన దాన్ని కృతజ్ఞతతో తీసుకుని అలమారులో పెట్టారు గానీ, ఎప్పుడూ పాతదే వేసేవారు. ఆ గీత ఎలా పడిందని నేను ఒకసారి అడిగాను. వాళ్లబ్బాయి చిన్నప్పుడు కుర్చీ ఎక్కి, తనంతట తానుగా సూది పెట్టాలని ప్రయత్నించినప్పుడు పడిందట. ఇప్పుడు ఆ ప్రార్థనను నేను ఎక్కడ విన్నా, ఎంత గొప్ప గాయని పాడినా, రెండవ చరణం వచ్చేసరికి నా చెవి ఆ దూకుడు కోసం ఎదురుచూస్తుంది. అది రాకపోతే మెట్టు ఉందనుకుని కాలు వేసిన చోట నేల తగిలినట్లు ఉంటుంది.

ఆయన తన దగ్గర పనిచేసేవాళ్లకు ఆజ్ఞలన్నీ సంగీతపు మాటల్లోనే ఇచ్చేవారు. అవి ఆయన సొంత భాషలో రోజువారీ మాటలే కదా. పళ్లెం మెల్లగా దించమనడానికి "పియానో, పియానో" అనేవారు. తొందరపడి నడిచే కుర్రాణ్ణి చూస్తే "అందాంతే" అనేవారు. అందాంతే అంటే నడకలా సాగడమే, పరుగు కాదు. శనివారం రద్దీ పెరిగినప్పుడు "అల్లెగ్రో" అనే మాట వంటింటి దాకా వినపడేది, ఆ మాటకు వేగంతోపాటు ఉల్లాసం అనే అర్థం కూడా ఉన్నందువల్లనేమో, కుర్రాళ్లు నవ్వుతూ వేగం పెంచేవారు. పియానో అనే వాద్యం పేరు మొత్తంగా మెత్తన-గట్టన అనే అర్థమిచ్చే రెండు మాటల జంట అనీ, 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో బార్తొలొమేయో క్రిస్తోఫోరి దాన్ని చేసినప్పుడు వేలి ఒత్తిడిని బట్టి శబ్దం తగ్గడం, హెచ్చడం అన్నదే అందులోని కొత్తదనమనీ నేను తెలుసుకున్నది ఆ బల్ల దగ్గరే. పాస్తా పంటికి కొద్దిగా ఎదురు చెప్పేటట్లు ఉడకాలన్న 'అల్ దెంతే'ను కూడా చాలాకాలం నేను సంగీతపు మాటే అనుకున్నాను.

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, బల్లలన్నీ నిండాక, లా బొహేమ్ రెండవ అంకం పెట్టేవారు. అది తప్పనిసరి. పారిస్‌లో క్రిస్మస్ ముందటి రాత్రి, కఫే మోమ్యూస్ ముందు వీధంతా జనం, అమ్మేవాళ్ల కేకలు, పిల్లల అల్లరి, మధ్యలో డబ్బులేని స్నేహితుల బృందం దర్జాగా భోజనం తెప్పించుకోవడం, చివరికి లెక్క మొత్తం ఒక ముసలి పెద్దమనిషి నెత్తిన పడటం. ఈ ఒపేరా 1896 ఫిబ్రవరి 1న తూరిన్‌లో మొదటిసారి ఆడినప్పుడు వాద్యబృందాన్ని నడిపిన తోస్కానీనికి ఇరవై ఎనిమిదేళ్లే. పుచ్చీని ఆ అంకంలో ఒకేసారి పదిరకాల గొంతులను ఒక వీధిలోకి వదిలి, ఏదీ తప్పిపోకుండా నడిపించాడు. మా గదిలోనూ అదే జరిగేది. రికార్డులోని కేకలకూ మా నవ్వులకూ మధ్య గీత చెరిగిపోయేది. పక్క బల్ల వాళ్లు ఎవరో తెలియకపోయినా వాళ్ల రొట్టెబుట్ట మాకు అందించేవారు. ఆ అంకం ఇరవై నిమిషాలకు మించదు. కానీ ఆ ఇరవై నిమిషాల్లో, ఇంటికి దూరంగా ఉన్న ఇద్దరం, ఏదో పెద్ద కుటుంబపు విందులో కూర్చున్నట్లు ఉండేవాళ్లం.

ఆఖర్న కాఫీ వచ్చేది. కాఫీకి మాత్రం ఆయన ఎక్కువసేపు తిరిగే ఎల్.పి. రికార్డు వేసేవారు కాదు. పెట్టె అడుగున కాగితపు సంచుల్లో జాగ్రత్తగా దాచిన, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుల నుంచి ఒకటి తీసి, మఖమలు గుడ్డతో తుడిచి, చేత్తో తిప్పి తాళం ఇచ్చే గ్రామఫోను మీద పెట్టేవారు. ఒక్కో వైపు నాలుగు నిమిషాలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. చిన్న కప్పులోని ఎస్ప్రెస్సో చల్లారకుండా తాగడానికి సరిగ్గా అంతే పడుతుందని ఆయన నమ్మకం. అందులో ఎక్కువ గాయకుడు కరూసోవి. 1902 ఏప్రిల్లో మిలాన్‌లో ఒక హోటలు గదిలో, రికార్డింగుకు మైక్రోఫోను వాడని రోజుల్లో, కొమ్ములాంటి గొట్టంలోకి ఆయన పది పాటలు పాడాడు. నేపుల్స్‌లో పుట్టిన ఆ మనిషి, సొంతవూళ్లో తన పాటకు దొరికిన ఆదరణ మనసుకు కష్టం కలిగించిందని, ఇకమీదట నేపుల్స్‌కు పాడటానికి రానని, స్పగెట్టి తినడానికి మాత్రమే వస్తానని అన్నాడని ఇటాలియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1921లో ఆయన చనిపోయింది కూడా నేపుల్స్‌లోనే. ఈ కథ చెప్పి మాయెస్త్రో, "కోపం పాట మీద చూపించాడు, తిండి మీద చూపించలేదు" అనేవారు.

ఇన్ని ఉన్నా, మాకు ఆ చోటును ఇంటిగా మార్చింది సిన్యోరా బియ్యంతో చేసే రిసోట్టో.

జాబితాలో రిసోట్టో పక్కన ఒక వాక్యం రాసి ఉండేది: రికార్డు మొదలయ్యేలోపు చెప్పండి. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వంటింట్లో పొయ్యి పైన కూడా ఒక చిన్న స్పీకరు ఉంది. సిన్యోరా గడియారం చూడరు. వెర్డి ఒపేరాలకు ముందు వాయించే పీఠికలు ఉన్న ఒక ఎల్.పి. రెండవ వైపు ఆవిడ గడియారం. అందులో మొదట నబుక్కో, తర్వాత లా త్రావియాతా మొదటి అంకపు పీఠిక, చివర అదే ఒపేరా మూడవ అంకపు పీఠిక ఉండేవి. మొత్తం పదిహేడు నిమిషాలకు దగ్గర. రిసోట్టోకు పట్టేదీ అంతే. 1948లో ఎల్.పి.లు వచ్చేదాకా ఒక వైపు నాలుగు నిమిషాలకే అయిపోయేదని, అప్పటివరకూ తన అమ్మమ్మ రిసోట్టోకు రికార్డును నాలుగుసార్లు మార్చాల్సి వచ్చి ఉండేదని ఆవిడ నవ్వేవారు.

అక్క ఒకరోజు ధైర్యం చేసి, వంటింట్లోకి వచ్చి చూడవచ్చా అని అడిగింది. సిన్యోరా ఆమె చేతికి ఒక ఏప్రాన్ ఇచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఉల్లిపాయ వెన్నలో మెత్తబడి సిద్ధంగా ఉంది. బయట సూది పెట్టిన చిన్న గరగర వినపడింది. నబుక్కో ఇత్తడి వాద్యాల నెమ్మదైన, గంభీరమైన పలుకుతో మొదలవుతుంది. ఆ మొదటి స్వరానికి ఆవిడ బియ్యం వేశారు, బొద్దుగా ఉండే కార్నరోలీ రకం గింజలు, కడగనివి. కడిగితే చిక్కదనమిచ్చే పిండి పోతుంది. ఇత్తడి వాద్యాలు పలుకుతున్నంతసేపూ గింజల అంచులు గాజులా మెరిసేదాకా కలిపారు. ఒక్కసారిగా వాద్యాలన్నీ విరుచుకుపడగానే వైన్ పోశారు. బాణలి చేసిన చప్పుడూ వాద్యాల చప్పుడూ ఒకటిగా లేచాయి. ఆ తర్వాత బందీల పాట స్వరం మెల్లగా వినిపించేసరికి మరుగుతున్న పలుచటి సూపును మొదటి గరిటెతో వేశారు. అది ఇంకాక ఇంకొకటి, అది ఇంకాక మరొకటి. కుంకుమపువ్వు నానబెట్టిన నీళ్లు మధ్యలో పోశారు, బాణలి అంతా బంగారు రంగుకు తిరిగింది. త్రావియాతా మూడవ అంకపు వయొలిన్లు, వినపడీ వినపడనట్లుండే ఆ సన్నటి తీగలు మొదలవగానే మంట తగ్గించి, ఒక గింజ పళ్ల మధ్య పెట్టి చూసి అక్క నోటికీ అందించారు. వయొలిన్లు ఆగిపోయాక పొయ్యి ఆర్పారు. చల్లటి వెన్న, ఆపైన పర్మెజానో చీజ్ వేసి, బాణలిని ముందుకు తోసి వెనక్కి లాగుతూ తిప్పారు. అన్నం అలలా కదిలి అంచును తాకి తిరిగివచ్చింది. అలా కదిలితేనే అది సరిగ్గా కుదిరినట్లు. దాన్ని వాళ్లు 'అల్లోందా' అంటారు, అల మాదిరి అని. ఆ సమయంలో గదిలోనూ వంటింట్లోనూ ఏ శబ్దమూ లేదు, రికార్డు చివరి గాడిలో సూది తిరుగుతున్న టిక్, టిక్ తప్ప.

వెర్డికి కూడా రిసోట్టో అంటే ప్రాణమట. ఆయన భార్య జుసెప్పీనా 1869లో పారిస్‌లోని ఒపేరా మిత్రుడికి రాసిన ఉత్తరంలో దాన్ని ఎలా చేయాలో వివరంగా చెప్పింది. సిన్యోరా అది తెలిసి చేశారో, యాదృచ్ఛికమో నేను అడగలేదు. మిలాన్‌లో వృద్ధ సంగీతకారుల కోసం వెర్డి సొంత డబ్బుతో కట్టించిన నివాసం గురించి మాత్రం ఆవిడే చెప్పారు. తన మరణం తర్వాతే దాన్ని తెరవాలని ఆయన కోరాడు, 1902లో తెరిచారు, ఇప్పటికీ నడుస్తోంది. ఆయనా జుసెప్పీనా అక్కడే సమాధిలో ఉన్నారు. "వాళ్ల వంటింట్లో కూడా రికార్డు ఉండి ఉంటుంది" అని ఆవిడ ఎంతో నమ్మకంగా అన్నారు.

ఆరో ఏడు మాయెస్త్రో కళ్లు మందగించాయి. సూదిని సరైన గాడిలో పెట్టలేకపోవడం ఆయనను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. కొన్నాళ్లు అక్కే వెళ్లి పెట్టేది. తర్వాత వాళ్లిద్దరూ అబ్బాయి దగ్గరికి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నారు. చివరి శనివారం బల్లలన్నీ నిండాయి, గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. రెండవ అంకం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరికీ లేవాలనిపించలేదు. నార్మా రికార్డును, ఆ గీతతో సహా, ఆయన తనతో తీసుకెళ్లారు. మిగిలినవి మాలాంటివాళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఇచ్చారు. వెర్డి పీఠికల రికార్డును సిన్యోరా కాగితంలో చుట్టి, రెండవ వైపు ఏదో తెలియడానికి పెన్సిలుతో గుర్తు పెట్టి, అక్క చేతిలో పెట్టారు.

అక్కకు పెళ్లయి దూరదేశం వెళ్లేటప్పుడు రికార్డును నా దగ్గరే ఉంచింది. ప్రయాణంలో వంగిపోతుందని భయపడింది. నెలకు ఒకసారైనా ఫోన్‌ను పొయ్యి పక్కన అలమారు మీద ఆనించి, ఆమె గొంతు వినపడేటట్లు పెట్టి, నేను సూది దించుతాను. నిన్న కూడా అలాగే చేశాను. ఇత్తడి వాద్యాలకు బియ్యం వేశాను. వాద్యాలన్నీ లేచేసరికి వైన్ పోయడం కాస్త ఆలస్యమైతే, "ఒరేయ్, వెనకబడ్డావు" అంది. మధ్యలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు, ఆమె వాళ్ల పిల్ల చదువు గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. వయొలిన్లు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయాయి. సూది చివరి గాడిలో తిరగడం మొదలుపెట్టింది, టిక్, టిక్ అని. ఆ చప్పుడు ఆమెకు అక్కడికి వినపడింది.

"ఇంకేం చూస్తున్నావురా, పొయ్యి ఆర్పి వెన్న వెయ్యి" అంది అక్క.